ఆకు కనపడితే వ్యాను ఆగాల్సిందే

మొన్న సోమవారం ల్యాబులో ఒకాయన మీద అరిచాను. పాపం, ఆయన చేసిన తప్పేమీ లేదు. జలదంకి వైపు నుంచి వచ్చిన రైతు. రక్తం తీసి, దూది పెట్టి నొక్కుకోమంటే నొక్కుకుంటూ మెల్లగా అడిగాడు.

"అమ్మా, గలిజేరాకు నీళ్ళు తాగితే ఈ కిడ్నీ నంబరు దిగిపోద్దంట గదా? మా తమ్ముడు ఫోన్లో చూపించినాడు."

"తాగు. బాగా తాగు. తాగి మళ్ళీ నా దగ్గరికే రా, అప్పుడు నంబరు ఎంతుందో నేనే చెప్తా" అన్నాను. గొంతు ఎంత పైకి లేచిందంటే, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. ఆ రైతు బిక్కమొహం వేసుకుని, మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

"ఏమైందమ్మా?" అని మా ల్యాబు ఓనరు అడిగాడు. ఏం లేదు సార్ అన్నాను. ఏం లేకపోవడమేమిటి. నేను అరిచింది ఆ రైతు మీద కాదు, పోయిన ఎండాకాలం చనిపోయిన మా వ్యాను చాచా మీద. పోయిన మనిషి మీద ఇంత కోపం ఎట్లా మిగిలి ఉంటుందో నాకు తెలియదు. మిగిలే ఉంది.

మాది ఉదయగిరి. పని ఆత్మకూరులో. బస్సుల వేళలు కుదరక ఉద్యోగాలకు పోయేవాళ్ళం కొంతమందిమి కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నాం. పొద్దున పోవడం, సాయంత్రం తిరిగి రావడం. వ్యాను ఆయనదే, నడిపేదీ ఆయనే. మిగతా అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు. మా నాయన, ఆయన ఒకే బడిలో చదువుకున్నారు కాబట్టి నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ చాచా.

పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి స్టీరింగు ముందు కూర్చుని వీపు కొంచెం వంగింది. గడ్డానికి గోరింటాకు రంగు. అద్దం దగ్గర జపమాల వేలాడుతూ ఉండేది. దాని పైన, ఎండ పడకుండా దించుకునే అట్ట సందులో, మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవర్లు కుక్కి ఉండేవి. ఆ కవర్లు దేనికో కొత్తగా ఎక్కినవాళ్ళకు తెలిసేది కాదు. మొదటి వానలు పడ్డాక తెలిసేది.

డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండాలి. ఈయన కళ్ళు రోడ్డు పక్కన ఉండేవి. సాయంత్రం ఆత్మకూరు దాటి కొంతదూరం వచ్చామో లేదో, వ్యాను వేగం తగ్గేది. ముందు సీట్లో కూర్చునే హెడ్మాస్టరుగారికి వెంటనే అర్థమయ్యేది.

"భాయ్, వద్దు. చెప్తా ఉండా, వద్దు. ఇంటికి చుట్టాలొచ్చి ఉండారు."

"ఒక్క నిమిషం సార్."

అప్పటికే హ్యాండు బ్రేకు పడిపోయేది. ప్యాంటు కాళ్ళు పైకి మడుచుకుని, కవరు విదిలించి, ఆయన ఎవరిదో మినపచేలోకి సొంత పెరట్లోకి పోయినట్టు పోయేవాడు. మేం వ్యానులో ఉడికిపోతూ కూర్చునేవాళ్ళం. ఒకరు హారన్ కొట్టేవారు. ఒకరు పిల్లాడికి ఫోన్ చేసి, "ఇంకా లేటవుద్ది, పాలు కాచుకో" అని చెప్పేవారు. దూరం నుంచి చేను ఆసామి కేకేసేవాడు.

"ఎవుర్రా అది, చేలో?"

"కలుపు తీస్తా ఉండానన్నా! కూలి అడగన్లే!"

వచ్చి మళ్ళీ తిన్నగా బండి తీసేవాడా? లేదు. సీటు సీటుకీ పంపకం ఉండేది. కాదంటే ఊరుకోడు. ఒళ్ళో పెట్టేసేవాడు, మట్టితో సహా. బడికి కట్టుకుపోయిన ఇస్త్రీ చీరల మీద ఆ మట్టి మరకలు పడితే టీచరమ్మలు గోల పెట్టేవారు.

"బేటీ, ఇది చెంచలాకు. కందిపప్పులో వెయ్యి. చింతపండు కొంచెమే. ఎండుమిరపకాయే వెయ్యాల. పచ్చిమిరపకాయ వేసినావంటే మాత్రం ఆ సంగతి నాకు చెప్పబాక."

మర్నాడు పొద్దున ఎక్కగానే పరీక్ష. "వండినావా?" వండాను చాచా అని అబద్ధం చెబితే, "దించేటప్పటికి ఎంత మిగిలింది?" అని అడిగేవాడు. గిన్నెడు ఆకు ఉడికి గుప్పెడవుతుందని వండినవాళ్ళకే తెలుస్తుంది. నేను నీళ్ళు నమిలితే ఇంక దారంతా సాధింపే. హెడ్మాస్టరుగారు ఒకసారి తన వాటా కవరు సీటు కిందే వదిలేసి దిగిపోయారు. మర్నాడు ఆయన ఇంకా స్నానంలో ఉండగానే చాచా వాళ్ళింటికి పోయి, కవరు వాళ్ళావిడ చేతికిచ్చి, ఎట్లా వండాలో చెప్పి వచ్చాడు. ఆ రోజు వ్యానులో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

అసలు చిక్కెక్కడంటే, ఆ ఆకులు బాగుండేవి. గురుగాకు పొడికూర రాగిసంగటిలోకి, గంగవాయిలి పప్పు వేడన్నంలోకి. చాచా చెప్పినట్టు చేస్తే ఇంట్లో గిన్నె అడుగు గీకేవారు. తిట్టుకుంటూ తెచ్చుకోవడం, మెచ్చుకుంటూ తినడం. నాకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పినప్పుడు మాత్రలతో పాటు ఆకుకూరలు తినమని ఆవిడే చెప్పింది. తిన్నాను, రక్తం పెరిగింది. ఆ సంగతి వ్యానులో చెప్పాను. ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆ మాత్రల ఊసు ఆయన ఎత్తితే కదా!

ప్రతి ఆకుకూ ఒక జబ్బు చెప్పేవాడు. పొన్నగంటి కళ్ళకి, ముళ్ళతోటకూర రక్తానికి, గలిజేరు కిడ్నీకి. చాలాకాలం అవన్నీ సరదా మాటలే. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అనే మాటలే. తర్వాత వాళ్ళ అల్లుడు పెద్ద ఫోను కొనిచ్చాడు. మేం పనులు ముగించుకుని వచ్చేదాకా చాచా ఆత్మకూరులో చింతచెట్టు నీడన వ్యాను ఆపుకుని వీడియోలు చూసేవాడు. మేం ఎక్కుతుంటే ఆ గొంతులు వినపడేవి. ఒకడు ఇరవై ఏళ్ళ షుగరు వారంలో మాయమంటాడు. ఇంకొకడు డాక్టర్లు మీకు చెప్పని సంగతి నేను చెబుతానంటాడు. వాడెవడో, ఎక్కడివాడో, ఏం చదివాడో. మా చాచాకి మాత్రం వాడు అయినవాడైపోయాడు.

చాచాకి షుగరు ఎప్పటి నుంచో ఉంది. బీపీ కూడా. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు. నడుంనొప్పికి మందుల షాపులో అడిగి తీసుకున్న నొప్పిమాత్రలు మాత్రం మరిచిపోయేవాడు కాదు, బండి నడపాలి కదా. ఒకరోజు ఆయన బూట్ల మడమలు తొక్కి చెప్పుల్లా వేసుకుని నడవడం చూశాను. పాదాలు పొంగి బూట్లలో పట్టడం లేదు. కళ్ళ కింద కూడా ఉబ్బు. మధ్యాహ్నం బతిమాలి ల్యాబుకు పిలిపించి రక్తం తీశాను. ఫలితం చూశాక ఏదో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ చేశాను. పొరపాటేం లేదు. క్రియాటినిన్, అదే ఆ కిడ్నీ నంబరు, ఉండాల్సిన దానికి మూడు నాలుగింతలు ఉంది.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. చాచీ పొయ్యి దగ్గర ఉంది. ఆమె పుట్టిల్లు కొండాపురం వైపు, నెమ్మదైన మనిషి, ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో రాదు. చాచా కుర్చీలో కాళ్ళు చాపుకుని ఇత్తడి లోటాలో ఏదో తాగుతున్నాడు. పచ్చగా ఉంది.

"ఏంది చాచా అది?"

"గలిజేరు నీళ్ళు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. నువ్వు చెప్పబోయే జబ్బుకి మందు నేను ముందే మొదలుపెట్టినా."

రిపోర్టు చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, షుగరు మాత్రలు మానకూడదు, నొప్పిమాత్రలు ముట్టుకోకూడదు, రేపే నెల్లూరు పోవాలి అని. అంతా విన్నాడు.

"గలిజేరుకి ఇంకో పేరు పునర్నవ. అంటే ఏంది? మళ్ళీ కొత్తగా చేసేది. పేర్లోనే ఉండాది గదా బేటీ."

"పేర్లో ఉంటే అయిపోద్దా? నీ వ్యాను వెనకాల విమానం అని రాయించుకో, ఎగురుద్దేమో చూద్దాం."

పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. నేను చెప్పింది ఆయన చెవికి తగలనే లేదు. నవ్వాపుకుని, "బిడ్డ పనిమీద నుంచి అట్నే వచ్చినట్టుండాది, పెట్టు" అన్నాడు చాచీతో. ఆమె అన్నం, గంగవాయిలి పప్పు పెట్టింది. తినకూడదనుకున్నాను. తిన్నాను. కోపంగా ఉన్నప్పుడు కూడా అంత రుచిగా ఉండటం నాకు ఇంకా కోపం తెప్పించింది.

నెల్లూరు పోయి వచ్చారు. అక్కడి పెద్ద డాక్టరు మందులు రాశాడు. డయాలసిస్ తప్పకపోవచ్చన్నాడు. గలిజేరు నీళ్ళు ఆపమన్నాడు. ఆకుకూర ఎప్పుడైనా తినాలనిపిస్తే సన్నగా తరిగి, బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొంచెమే తినమన్నాడు. మిగతావన్నీ ఒక ఎత్తు, నీళ్ళు పారబోయమన్న మాట ఒక ఎత్తు. మర్నాడు వ్యానులో అదే గొడవ.

"సారమంతా ఆ నీళ్ళల్లోనే గదా ఉండేది! దాన్ని పారబొయ్యమంటాడా? ఆ డాక్టరుకి వాళ్ళమ్మ ఏనాడూ ఆకు వండిపెట్లేదా ఏంది?"

"ఆ సారమే నీకు చేటు చాచా. ఆకులో పొటాషియం ఉంటుంది. మామూలు మనిషికి మంచిదే. నీ కిడ్నీ దాన్ని బయటికి నెట్టలేదు. అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోద్ది."

"మా నాయన తిన్నాడు. మా అవ్వ తిన్నది. కరువులో ఊరు ఊరంతా ఇదే తినింది. ఎవురికాగింది గుండె?"

"వాళ్ళ కిడ్నీలు పని చేసినాయి చాచా! నీవి చెయ్యట్లేదు!"

వ్యానులో అందరూ నా వైపు తిరిగారు. నేను అంత గట్టిగా అన్నానని నాకే తెలియలేదు. ఆయన కొంతదూరం పోయాక అద్దంలోంచి నా వైపు చూసి, "నా మొహం మాత్రం నిన్నటి కంటే తేటగా ఉండాది, చూడు" అన్నాడు.

ఇట్లాంటి మనిషితో ఏం చేయాలి? మా ఓనరు చెప్పాడు, హెడ్మాస్టరుగారు చెప్పారు, మసీదులో పెద్దాయనతో కూడా చెప్పించాం. అందరికీ సరేనన్నాడు. చాచీ ఆయనకు తెలియకుండా ఆకు ఉడికిన నీళ్ళు పారబోసి, మామూలు నీళ్ళలో చారు కాచి పెట్టింది. ఒక్క గుక్కలో కనిపెట్టేశాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదట. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని తన గలిజేరు తనే కాచుకోవడం మొదలుపెట్టాడట. ఆ సంగతి చెబుతూ చాచీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తిట్టినా బాగుండు" అంది. నొప్పిమాత్రలు మానాడు, అంతవరకు నయం. షుగరు మాత్రలు కూడా వాటితో పాటే మానేశాడని తర్వాత తెలిసింది. రెండూ ఇంగ్లీషు మందులే కదా అన్నాడు.

ఆ కార్తీకంలో మంచి వానలు పడ్డాయి. ఒకరోజు సాయంత్రం తిరిగి వస్తుంటే, ఆత్మకూరు దాటిన కాసేపటికే వ్యాను నెమ్మదించి, రోడ్డు పక్కకు జరిగి ఆగింది. బయట పచ్చగా ఆకు.

"మళ్ళీనా భాయ్!" అన్నారు హెడ్మాస్టరుగారు.

"మేం ఇంటికి పోవద్దా?" అంది వెనక నుంచి ఒక టీచరమ్మ. ఎవరో నవ్వారు. ఎవరో విసుగ్గా కిటికీ అద్దం లాగారు. నేను ఫోను చూసుకుంటూ, "తొందరగా రా చాచా" అన్నాను.

తలుపు తెరుచుకోలేదు. చాచా దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. "సార్" అన్నాడు హెడ్మాస్టరుగారితో. "చేతులు... పట్టు చిక్కట్లేదు సార్."

లేచి ముందుకు పోయి నాడి పట్టుకున్నాను. కొట్టుకుంటూ, ఆగుతూ, మళ్ళీ కొట్టుకుంటోంది. అంత బలం పోతున్నప్పుడు కూడా మమ్మల్ని క్షేమంగా పక్కకు తెచ్చి, హ్యాండు బ్రేకు వేశాడు ఆయన. హెడ్మాస్టరుగారు ఆయన్ని పక్క సీట్లోకి జరిపి, వ్యాను వెనక్కి తిప్పి ఆత్మకూరు ఆస్పత్రికి తోలారు. దారంతా, "పడుకోబాక భాయ్, మాట్లాడు, ఏ ఆకో ఒకటి చెప్పు, వింటా" అంటూనే ఉన్నారు. అక్కడ సూదులు వేసి, అంబులెన్సులో నెల్లూరు పంపారు. బతికాడు.

ఆ తర్వాత ఆయన వ్యాను నడపలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం మాతోపాటే ఆత్మకూరు వచ్చేవాడు, తన వ్యానులోనే, డ్రైవరు వెనక సీట్లో. నడిపేది చాచీ తమ్ముడు. వేళ అంటే వేళ, మధ్యలో ఆపడం లేదు. మేం ఇన్నేళ్ళు కోరుకున్నది అదే కదా. చీకటి పడకముందే ఇళ్ళకు చేరుతున్నాం. ఎవరికీ సంతోషంగా లేదు.

చాచా కిటికీకి తల ఆనించి బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఆకులు వెనక్కి వెళ్ళిపోతుంటే మెడ తిప్పి చూసేవాడు. ఒకసారి వాన వెలిసిన సాయంత్రం ఆగలేక, "ఒరే, కాస్త ఆపరా" అన్నాడు బామ్మర్దితో.

"కుదరదు బావా. అక్క చెప్పింది, ఎక్కడా ఆపొద్దని."

"నా వ్యాను రా ఇది!"

"నీ వ్యానే. తోలేది నేను."

చాచా నోరు మూసుకున్నాడు. ఆయన అట్లా మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు హెడ్మాస్టరుగారు, "ఆపవయ్యా, నేను దిగాల" అన్నారు. వ్యాను ఆగింది.

"ఎందుకు సార్ ఇది?" అన్నాను నేను. "మళ్ళీ మొదలుపెడతారా?"

"నేను తినను బేటీ" అన్నాడు చాచా. "మీకే. అల్లా మీద ఒట్టు."

హెడ్మాస్టరుగారు ఇస్త్రీ ప్యాంటు మడుచుకుని చేలోకి దిగారు. ఆయన వెనకే ఇద్దరు టీచరమ్మలు. ఎవరికీ ఏ ఆకూ సరిగ్గా తెలియదు. ఇన్నేళ్ళూ ఒళ్ళో పెడితే తీసుకోవడమే కదా.

"అది కాదు సార్! దాని పక్కది! ఎర్రకాడ, ఎర్రకాడ! అయ్యో, వేర్లతో పీకబాకండి, మళ్ళీ చిగురెయ్యాల గదా! టీచరమ్మా, అది గేదెలు కూడా తినవమ్మా, పారెయ్!" కిటికీలోంచి సగం బయటికి వచ్చేసి కేకలు పెడుతున్నాడు. సూదులు గుచ్చిన చేతికి కట్టు, ఆ చేత్తోనే చూపిస్తున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. మొహం వెలిగిపోతోంది.

నేను దిగలేదు. చేతులు కట్టుకుని సీట్లోనే కూర్చున్నాను. ఆయన వాటా ఆయన ఒళ్ళో పెట్టారు. కాసేపు వాసన చూసి, మొత్తం నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వే తీస్కపో. మా ఇంట్లో వద్దు."

ఆ మాట మీద కొన్ని నెలలు నిలబడ్డాడు. మనిషి కాస్త తేరుకున్నాడు కూడా. అదే కొంప ముంచింది. ఎండాకాలంలో ఒక వారం, బాగానే ఉన్నాను కదా అని, డయాలసిస్‌కి రానన్నాడు. వ్యాను వాళ్ళింటి ముందు ఆపి అందరం పిలిచాం. గుమ్మంలో నిలబడి చెయ్యూపాడు, మీరు పోండి అని. నేను దిగి పోయి, "చాచా, ఎక్కు. గొడవ చెయ్యబాక" అన్నాను.

"వచ్చేవారం వస్తా బేటీ. అబద్ధం చెప్పను."

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున నమాజు చేసుకుని పడుకున్నాడు. చాచీ టీ తెచ్చి లేపితే లేవలేదు.

మొన్న ఆ రైతు మీద అరిచిన సాయంత్రం, ఇంటికి పోకుండా తిన్నగా చాచీ దగ్గరికి పోయాను. ఎందుకో నాకే తెలియదు. ఆమె మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుంది. ల్యాబులో జరిగింది చెప్పాను. విని, కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంది.

"నిన్నొకటి అడగాలనుకుంటా ఉండాను. ఇన్నాళ్ళూ నోరు రాలా" అంది. "పోయే ముందు రోజు సాయంత్రం పప్పు అడిగినాడు. గంగవాయిలి పప్పు. నాకని చేసుకున్నా. వద్దన్నా. ఒక్క గరిటె పెట్టవే అన్నాడు, చిన్నబిడ్డ అడిగినట్టు. పెట్టినా." ఆగింది. "దానివల్లనా పోయింది? నిజం చెప్పు. వండింది నేను గదా."

"కాదు చాచీ" అన్నాను. "గరిటెడు పప్పుతో పోయే మనిషి కాదు. ఆ వారం డయాలసిస్ మానేశాడు. షుగరుని ఏళ్ళ తరబడి వదిలేశాడు. మందులు మానేసి నీళ్ళు నమ్ముకున్నాడు. అందుకు పోయాడు. నీ పప్పువల్ల కాదు."

అది నాకు తెలిసినంతలో నిజమే. పూర్తి నిజమా అంటే, చెప్పగలిగే పరీక్ష ఏదీ మా ల్యాబులో లేదు. ఆయనకు చెప్పినన్ని మాటలు నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్కటీ ఆయన వినలేదు. ఇప్పుడు ఈమె నా ఒక్క మాట కోసం ఇన్ని నెలలు ఆగి, చెప్పగానే నమ్మేసింది. ఆ నమ్మకంలో సగం ఆయనకు ఉండి ఉంటే!

చాచీ కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నుంచి ఇంట్లో ఆకు వండలా" అంది. "పెరట్లో తెగ మొలిచుండాది. చూడ్డానికి కూడా భయమేసి అటు పోలా."

"నీకు ఇష్టమా చాచీ?"

ఎవరూ ఎప్పుడూ అడగని సంగతి అడిగినట్టు నా వైపు చూసింది. "ఇష్టమే. మందని గాదు. నాకు ఆ పులుపంటే ఇష్టం."

లేచి గోడకున్న చాట అందుకుంది. ఇద్దరం పెరట్లోకి పోయాం. గంగవాయిలి నేలంతా పాకి, అక్కడక్కడా పసుప్పచ్చ పూలు కూడా వేసింది. ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ముదురువి వదిలేసి లేతవి కోసి వేస్తూ పోయింది. చాచా మాట ఇద్దరం ఎత్తలేదు. చాట సగం నిండాక, "నువ్వు కూడా తినిపో" అంది. "పొద్దున్నుంచి సరిగ్గా తినలా. బాగా ఆకలేస్తా ఉండాది."